పాస్ చేతిలో ఉంది, మరి సీటేది?

పోయిన నెల యూరైల్ అనే యూరప్ రైలు పాస్ (ఒకే పాస్ మీద చాలా దేశాల రైళ్లు ఎక్కొచ్చు) గురించి ఈ పేజీలో నాలుగు ముక్కలు రాశానో లేదో, నల్లగొండ నుంచి గద్వాల దాకా ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ వచ్చి పడ్డాయి. పిల్లలు అక్కడ ఎంఎస్ చదువుతున్నారు, అమ్మానాన్నలు ఒకసారి చూసొద్దామని వీసాల పనిలో పడ్డారు, అంతా మంచిదే. నేను పాతికేళ్లు రిజర్వేషన్ కౌంటర్ లోపలివైపు కూర్చున్న మనిషిని, రిటైరయ్యాక రెండుసార్లు ఆ పాస్ మీద తిరిగొచ్చాను కాబట్టి, తెలిసినంత మటుకు చెప్తాను. ఒకే ప్రశ్న నలుగురు అడిగినచోట ఒక్కరికే జవాబు రాశాను, మిగతావాళ్లు కోపం చేసుకోవద్దు.

ప్రశ్న: అన్నా, నేనూ మా ఇంటామె జూన్‌లో పన్నెండు రోజులు పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ తిరిగొద్దామని అనుకుంటున్నాం. యూరైల్ పాస్ తీసుకుంటే ఏ రైలైనా ఎక్కి కూర్చోవచ్చని ట్రావెల్స్ అబ్బాయి చెప్తున్నాడు. కన్ఫర్మ్ సీటు వస్తదా? ఆర్‌ఏసీ లాంటిది ఉంటదా? వీలైతే ఒక రోజు లండన్ కూడా పోయి రావాలని ఉంది.
– రైస్ మిల్లు వ్యాపారి, మిర్యాలగూడ

జవాబు: ఆ అబ్బాయి చెప్పింది సగం నిజం అన్నా, మిగతా సగం దగ్గరే మనవాళ్లు దెబ్బ తింటున్నారు. పాస్ అంటే ప్రయాణం చేసే హక్కు, అంతే. సీటు వేరే ముచ్చట. మన దగ్గర టికెట్, సీటు రెండూ ఒకే కాగితం మీద వస్తాయి కాబట్టి మనకు ఈ తేడా తట్టదు. అక్కడ కొన్ని రైళ్లకు పాస్ చూపిస్తే చాలు, కొన్నింటికి పాస్ ఉన్నా వేరేగా పైసలు కట్టి సీటు రిజర్వు చేసుకోవాలి, లేకపోతే ఎక్కనివ్వరు.

మీరు రాసిన మూడు దేశాల్లో రెండు రిజర్వేషన్ అడిగేవే. ఫ్రాన్స్‌లో టీజీవీ అనే హైస్పీడ్ రైళ్లన్నింటికీ రిజర్వేషన్ తప్పదు, ఇటలీలో ఫ్రెచారోస్సా లాంటి ఎర్ర రైళ్లకూ తప్పదు. ఫ్రాన్స్ లోపల తిరిగే టీజీవీకి పాస్ ఉన్నవాళ్ల దగ్గర మనిషికి 10 నుంచి 20 యూరోలు తీసుకుంటారు, ఇటలీలోనూ పది యూరోలు దాటుతుంది, సరిహద్దు దాటే హైస్పీడ్ రైళ్లకు అంతకంటే పిరం. స్విట్జర్లాండ్‌లో మాత్రం హాయి. జూరిక్ నుంచి లూసర్న్, బెర్న్, ఇంటర్లాకెన్, ఏ మామూలు రైలైనా ఎక్కి ఖాళీ సీటు చూసుకుని కూర్చోవడమే, మన దగ్గర పాసింజర్ ఎక్కినట్టు. జర్మనీ, ఆస్ట్రియా, బెల్జియం కూడా దాదాపు ఇంతే. జర్మనీలో ఐసీఈ లాంటి పెద్ద రైలుకు కూడా దేశం లోపల రిజర్వేషన్ మీ ఇష్టం, కావాలంటే ఐదారు యూరోలు కట్టి చేసుకోవచ్చు.

ఆర్‌ఏసీ లేదు, వెయిటింగ్ లిస్ట్ లేదు, చార్టు ప్రిపేర్ అయ్యేదాకా ఫోన్ చూసుకుంటూ కూర్చునే టెన్షనూ లేదు. ఉంటే ఉంది, లేకపోతే లేదు. కానీ ఇందులో ఒక మెలిక ఉంది, నేను బోల్తా పడింది అక్కడే.

మన దగ్గర నల్లగొండలోనో మిర్యాలగూడలోనో ఫలక్‌నుమాకు టికెట్ తీస్తే రైలు నిండా సీట్లున్నా మన స్టేషన్ కోటా అయిపోతే వెయిటింగే కదా, రోజూ చూస్తున్నదే. అక్కడా హైస్పీడ్ రైళ్లలో చాలావాటికి పాస్ వాళ్లకని విడిగా కొన్ని సీట్లే పెడతారు. మామూలు టికెట్ కొనేవాడికి సీటు దొరుకుతుంది, పాస్ పట్టుకున్న మనకు దొరకదు. పాతికేళ్లు కోటాల మీద బతికినవాడిని, నాకే ఆ సోయి లేకపోయింది. మా ఇంటామెతో పారిస్ గార్ ద లియోన్ స్టేషన్‌కు పొద్దున్నే పోయి, జెనీవా రైలుకు రెండు సీట్లు ఇమ్మని కౌంటర్లో అడిగాను. ఆ అమ్మాయి స్క్రీన్ నా వైపు తిప్పి వేలితో ఒక్కొక్క రైలూ చూపిస్తూ 'కొంప్లే, కొంప్లే' అంటూ పోయింది. ఫుల్ అన్నమాట. సాయంత్రం దాకా పాస్ కోటాలో ఒక్క సీటు లేదు. పాస్ పక్కన పెట్టి మామూలు టికెట్ కొంటారా అని అడిగింది, రేటు చూసి నోరెండిపోయింది.

అప్పుడు ఆమే ఒక కాగితం ముక్క మీద 'బెర్సీ' అని రాసి ఇచ్చింది. గార్ ద లియోన్ నుంచి నడిచిపోయేంత దూరంలోనే పారిస్ బెర్సీ అని ఇంకో స్టేషన్ ఉంది, అక్కడి నుంచి టీఈఆర్ అనే ప్రాంతీయ రైలు దిజోన్ మీదుగా లియోన్ దాకా పోతుంది, లియోన్ నుంచి ఇంకో టీఈఆర్ జెనీవా పోతుంది, రెండింటికీ పాస్ చాలు. హైస్పీడ్ రైలైతే మూడు గంటల పైచిలుకులో దించేది, మాకు దాదాపు రోజంతా పట్టింది. మా ఆమె మొదటి గంట నాతో మాట్లాడలేదు. తర్వాత కిటికీ బయట ద్రాక్షతోటలు, పచ్చిక మీద సున్నం వేసినట్టు తెల్లటి ఆవులు కనబడేసరికి సంచీలోంచి సకినాలు తీసింది, రాజీ కుదిరింది.

అందుకని మీరు పారిస్ నుంచి బయటపడే రైలుకు, ఇటలీ లోపలి రైళ్లకు సీట్లు రెండు మూడు నెలల ముందే పట్టుకోండి. యూరైల్ వాళ్ల సైటులోనే చాలావాటికి చేసుకోవచ్చు, కాకపోతే ప్రతి సీటుకూ కొంచెం సర్వీస్ చార్జీ వేస్తారు. ఇటలీలో స్టేషన్లో మిషన్ల మీద కూడా దొరుకుతాయి, జూన్ నెలలో ఆ ధైర్యం చేయకండి.

ఇక లండన్. యూరోస్టార్‌లో పాస్ చెల్లుతుంది, కానీ సీటు రిజర్వేషన్ ఉండాల్సిందే, అందులోనూ పాస్ కోటా తొందరగా అయిపోతుంది. దానికంటే పెద్ద సంగతి, మీ షెంగెన్ వీసా, అంటే ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ లాంటి దేశాలకు కలిపి ఇచ్చే వీసా, బ్రిటన్‌కు పనికిరాదు. పారిస్ గార్ ద్యు నోర్ స్టేషన్లోనే రైలెక్కకముందు బ్రిటన్ ఇమిగ్రేషన్ వాళ్లు పాస్‌పోర్టు చూస్తారు, ఆ వీసా లేకపోతే అక్కడి నుంచే వెనక్కి. వీసా రెండూ తీసుకోవాలి, ఫీజులు రెండూ కట్టాలి, ఒక్క రోజు కోసం అంత అవసరమా ఆలోచించండి. నేనైతే ఆ రోజు కూడా స్విట్జర్లాండ్‌లోనే ఉంటాను.

ప్రశ్న: సార్, మా అమ్మాయి జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో ఎంఎస్ చేస్తోంది. మేమిద్దరం ఆగస్టులో పోతున్నాం. ముగ్గురికీ ఇక్కడి నుంచే యూరైల్ పాస్‌లు కొనెయ్యమంటారా? తనది కూడా ఇండియన్ పాస్‌పోర్టే కదా.
– రిటైర్డ్ లెక్చరర్, నల్లగొండ

జవాబు: ఆగండి సార్, ముగ్గురికీ ఒకటే కొంటే అమ్మాయి పాస్ చెల్లదు. ఇక్కడ చూసేది పాస్‌పోర్టు రంగు కాదు, నివాసం ఎక్కడన్నది. యూరప్ బయట ఉండేవాళ్లకు యూరైల్, 1959 నుంచి ఉంది. యూరప్‌లో నివాసం ఉండేవాళ్లకు ఇంటర్‌రైల్, 1972లో మొదలైంది. రెండూ ఇప్పుడు 33 దేశాల్లో చెల్లుతాయి, యాప్ కూడా ఒక్కటే. మీ అమ్మాయి పాస్‌పోర్టు మనదే అయినా ఉంటున్నది జర్మనీలో కాబట్టి ఆమె ఇంటర్‌రైల్ తీసుకోవాలి, రైల్లో అడిగితే చూపించడానికి రెసిడెన్స్ పర్మిట్ కార్డు దగ్గర పెట్టుకోవాలి.

ఇంటర్‌రైల్‌తో ఒక ఇబ్బంది, సొంత నివాస దేశంలో అది రెండు రోజులే పనిచేస్తుంది, దేశం బయటికి పోయే రోజు ఒకటి, తిరిగొచ్చే రోజు ఒకటి. అంటే మీరిద్దరూ యూరైల్‌తో బెర్లిన్, హాంబర్గ్, మ్యూనిక్ అని జర్మనీ అంతా తిరగొచ్చు, ఆమె మీ వెంట అలా తిరగలేదు. జర్మనీ లోపల తిరిగే రోజులకు ఆమె దగ్గర నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే అది వాడుకోవచ్చు, విద్యార్థుల్లో చాలామంది దగ్గర ఉంటుంది. కానీ అది ప్రాంతీయ రైళ్లకే, ఐసీఈకి పనికిరాదు. కాబట్టి ఒకే రైల్లో పోవాలంటే మీరూ ఆమెతో ఆ నెమ్మది రైలే ఎక్కాలి. మీ పాస్ రోజులు అలాంటి ప్రయాణాలకు ఖర్చు పెట్టుకోవద్దు, ఆ రోజుకు విడిగా టికెట్ కొనుక్కోండి.

స్టుట్‌గార్ట్ నుంచి పారిస్‌కు నేరుగా హైస్పీడ్ రైళ్లున్నాయి, మూడు గంటల పైన పడుతుంది. ఇవి జర్మనీలో బయలుదేరేవే అయినా ఫ్రాన్స్‌కు పోయేవి కాబట్టి రిజర్వేషన్ తప్పనిసరి, జర్మనీలో ఫ్రీగా ఎక్కొచ్చన్న మాట ఇక్కడ పనిచేయదు. మీరు ముగ్గురూ వేర్వేరు పాస్‌ల మీద సీట్లు తీస్తారు కాబట్టి అమ్మాయిని ఒకేసారి కూర్చుని పక్కపక్కన వచ్చేట్టు చూడమనండి.

అన్నట్టు, మీకు 60 దాటింది కాబట్టి సీనియర్ పాస్ అడగండి, 10 శాతం తక్కువకు వస్తుంది. అమ్మాయికి 27 దాటకపోతే యూత్ పాస్, అది ఇంకా చౌక. మన రైల్వేలో సీనియర్ సిటిజన్ రాయితీ 2020లో ఆగిపోయాక మళ్లీ రాలేదు, పోనీ అక్కడైనా తీసుకోండి.

ప్రశ్న: అసలు పాస్ లాభమా, టికెట్లు విడివిడిగా కొనుక్కోవడం లాభమా? సూటిగా చెప్పండి.
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: సూటిగా అంటే, అడిగిన వాళ్లలో సగం మందికి పాస్ దండగ. మీ ఊళ్లో రైలు స్టేషనే లేదు, యూరప్ రైలు లెక్క అడుగుతున్నారు, ఈ ఉత్సాహం నాకు నచ్చింది కాబట్టి లెక్క వివరంగా చెప్తాను.

పాస్‌లు రెండు రకాలు. ఒకటి వరుసగా 15 రోజులో, 22 రోజులో, నెలో, రోజూ వాడుకునేది. రెండోది ఫ్లెక్సీ, నెల రోజుల్లో మీకిష్టమైన 4 రోజులు, 5 రోజులు, 7 రోజులు, లేదా రెండు నెలల్లో 10, 15 రోజులు. మనవాళ్లకు రెండోదే సరిపోతుంది, ఎందుకంటే మనం ఒక ఊళ్లో దిగితే రెండు రోజులు ఉంటాం, రోజూ రైలెక్కం. పెద్దవాళ్లకు సెకండ్ క్లాస్ 4 రోజుల పాస్ సుమారు 280 యూరోలు, 7 రోజులది సుమారు 380, మధ్యలో ఆఫర్లు వస్తుంటాయి. యూరో వంద రూపాయలని పెట్టుకుంటే 4 రోజుల పాస్‌లో రోజుకు 7,000 రూపాయలు, 7 రోజుల దాంట్లో రోజుకు 5,400 పడుతుంది. ఆ రోజున మీరు చేసే ప్రయాణం విలువ అంతకంటే ఎక్కువుంటేనే లాభం.

పారిస్ నుంచి జూరిక్, జూరిక్ నుంచి వెనిస్, వెనిస్ నుంచి రోమ్, ఇంతే మీ ప్లాన్ అనుకోండి. తేదీలు ఖరారు చేసుకుని మూడు నెలల ముందు కూర్చుంటే ఈ మూడింటికీ డిస్కౌంట్ టికెట్లు సీటుతో సహా దొరుకుతాయి, పాస్ ధర మీద మళ్లీ రిజర్వేషన్ చార్జీలు కట్టే బాధ ఉండదు. ఇక్కడ పాస్ కొనడం అంటే కోడికి రెండుసార్లు పైసలిచ్చినట్టు.

అదే మీరు మ్యూనిక్, సాల్జ్‌బర్గ్, వియన్నా, బుడాపెస్ట్ అని తిరిగితే, లేదా స్విట్జర్లాండ్‌లో ఒక ఊళ్లో మకాం పెట్టి రోజుకో వైపు పోయొస్తే, అక్కడ పాస్ పని చేస్తుంది. స్విట్జర్లాండ్‌లో కౌంటర్ టికెట్ ధర చూస్తే గుండె ఆగుతుంది, రోజుకు ఎన్ని రైళ్లు ఎక్కినా పాస్‌లో ఒక రోజే పోతుంది. పూర్తిగా ఆ దేశమే చూసేవాళ్లయితే మాత్రం యూరైల్ కాకుండా స్విస్ ట్రావెల్ పాస్ చూడండి, అందులో బస్సులు, పడవలు, మ్యూజియంలు కూడా కలుస్తాయి.

ఒక్క మాట, వానొచ్చిందనో మనసు మారిందనో ప్లాన్ మార్చుకునేవాళ్లకు డిస్కౌంట్ టికెట్లు పనికిరావు, మారిస్తే డబ్బులు పోతాయి. మా ఇంటామె పొద్దున ఒక ఊరు, మధ్యాహ్నం ఒక ఊరు అంటుంది, అందుకే మేం నష్టమైనా పాసే కొంటాం.

ప్రశ్న: పాస్ ఫోన్‌లోనే వస్తుందట కదా. నాకు ఫోన్‌లో యూపీఐ కొట్టడం తప్ప ఏమీ రాదు. టీటీఈకి ఏం చూపించాలి?
– ప్రభుత్వ ఉపాధ్యాయిని, గద్వాల

జవాబు: యూపీఐ కొట్టగలిగితే ఇదీ వస్తుందమ్మా, భయపడాల్సింది లేదు. రైల్ ప్లానర్ అని యాప్ ఉంటుంది, అందులో పాస్ నంబరు, మీ ఇంటిపేరు కొడితే పాస్ వచ్చి కూర్చుంటుంది. కొన్నాక 11 నెలల లోపు ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు. మొదలుపెట్టడమంటే యాక్టివేట్ చేయడం, అప్పుడు పాస్‌పోర్టు నంబరు అడుగుతుంది. ఇక్కడ మనవాళ్ల ఇంటిపేర్ల గొడవ ఒకటుంది. ఆధార్‌లో ఇనిషియల్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, టికెట్ కొనేటప్పుడు అలవాటుగా ఇనిషియల్ కొట్టేస్తాం. పాస్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి, రైల్లో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

తర్వాత రోజువారీ పని. ఎక్కబోయే రైలును యాప్‌లో వెతికి పాస్‌కు కలపాలి, అప్పుడు ఆ రోజు టికెట్ కింద క్యూఆర్ కోడ్ వస్తుంది, కండక్టర్ దాన్ని స్కాన్ చేస్తాడు. ఈ పని రైలెక్కక ముందే అయిపోవాలి. ఎక్కి కూర్చున్నాక కండక్టర్ వస్తుంటే ఫోన్ తీసి కలుపుదామనుకుంటే టికెట్ లేని ప్రయాణం కింద లెక్క, ఫైన్ వేస్తారు, మన దగ్గరలా 'సార్, పెద్దమనిషిని' అంటే వినరు. అలాగని ముందురోజు రాత్రే మర్నాటి రైళ్లన్నీ పాస్‌కు కలిపేసుకుని పడుకోకండి. పొద్దున లేచాక మోకాలు నొప్పని ఆగిపోతే ఒక రోజు దండగైపోతుంది. స్టేషన్‌కు చేరి బోర్డు మీద రైలు కనబడ్డాక చేయండి, రెండు నిమిషాల పని.

రోజు అంటే అర్ధరాత్రి 12 నుంచి మళ్లీ రాత్రి 11:59 దాకా. ఆ యాప్‌కు మూడు రోజులకొకసారైనా ఇంటర్నెట్ తగలాలి. ఇంట్లో ఇద్దరి ముగ్గురి పాస్‌లు ఒకే ఫోన్‌లో పెట్టుకోవచ్చు, కానీ ఒక పాస్ రెండు ఫోన్లలో ఉండదు. కాబట్టి ఆ ఫోన్ ఎవరి దగ్గరుందో వాళ్లు వేరే పెట్టెలో కూర్చోవద్దు, చార్జింగ్ పవర్ బ్యాంక్ మర్చిపోవద్దు.

మెట్రోకు, ట్రామ్‌కు పాస్ చెల్లదు, విడిగా టికెట్ కొనాలి. జర్మనీలో ఎస్-బాన్ అనే సిటీ లోకల్ రైళ్లలో చాలావాటికి చెల్లుతుంది.

ప్రశ్న: నేను ఒక్కదాన్నే జూరిక్ నుంచి వియన్నాకు రాత్రి రైల్లో పోదామనుకుంటున్నాను. అర్ధరాత్రి దాటితే రెండు రోజులు కట్ అవుతాయా? అమ్మ ఒకటే గోల, ఒంటరిగా రాత్రి రైలా అని.
– వనపర్తి అమ్మాయి, ప్రస్తుతం హైదరాబాద్‌లో ఉద్యోగం

జవాబు: కట్ కావు. అర్ధరాత్రికి ముందు ఎక్కి, ఆ రైలు మారకుండా పోతే ఎక్కిన రోజే లెక్కలోకి వస్తుంది. వియన్నాలో దిగి అదే పొద్దున ఇంకో రైలెక్కి బ్రాటిస్లావా పోయారంటే మాత్రం ఆ రోజు కూడా పోతుంది. రాత్రి పన్నెండు దాటాక బయలుదేరే రైలైతే ఆ కొత్త రోజే లెక్క.

నైట్‌జెట్ అని ఆస్ట్రియా రైల్వే వాళ్లది, రిజర్వేషన్ తప్పనిసరి. మూడు రకాలు, కూర్చునే సీటు, కుషెట్ అంటే మన స్లీపర్ బెర్తు లాంటిది, ఆ పైన స్లీపర్ క్యాబిన్. పాస్ ఉన్నా బెర్తుకు వేరే డబ్బు కట్టాలి, సీటుకు తక్కువ, క్యాబిన్‌కు చాలా ఎక్కువ. మీరు కుషెట్ తీసుకోండి. నలుగురు లేదా ఆరుగురు ఉండే గది, లోపల గడియ వేసుకోవచ్చు, దుప్పటి, దిండు, నీళ్లు, పొద్దున చిన్న టిఫిన్ ఇస్తారు. బుక్ చేసేటప్పుడు ఆడవాళ్లకు మాత్రమే అన్న గది ఎంచుకునే వీలుంది, అమ్మకు ఆ స్క్రీన్‌షాట్ పంపించండి, గోల సగం తగ్గుతుంది. పైసలు మిగుల్తాయని కూర్చునే సీటు తీసుకోవద్దు, వయసులో ఉన్నాం కదా అనిపిస్తుంది, పొద్దున మెడ పట్టేస్తే వియన్నా మొత్తం ఒక వైపే చూడాల్సొస్తుంది.

నన్నడిగితే ఆ దారి పగలు పోవాలి. జూరిక్ నుంచి వియన్నాకు రైల్‌జెట్ అనే పగటి రైలు దాదాపు ఎనిమిది గంటలు, ఆర్ల్‌బర్గ్ కొండల మధ్యలోంచి పోతుంది, రిజర్వేషన్ తప్పనిసరి కాదు. రాత్రి రైల్లో ఆ కొండలన్నీ చీకట్లో పోతాయి. ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుంది, నిజమే, అది మీ లెక్క.

ప్రశ్న: జర్మనీలో రిజర్వేషన్ లేకుండా ఎక్కితే ఎవరి సీట్లోనో కూర్చుంటే లేపుతారా? సిగ్గనిపిస్తుంది.
– పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: లేపుతారు, మర్యాదగానే లేపుతారు. అంతదాకా రాకుండా సీటు పైన చిన్న తెర చూడండి, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఆ సీటు రిజర్వు అయిందో ఊరి పేర్లు ఉంటాయి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మ్యూనిక్ అని ఉండి మీరు ఫ్రాంక్‌ఫర్ట్‌లోపే దిగేదుంటే దర్జాగా కూర్చోండి. ఏమీ రాసి లేకపోతే మీదే. రిజర్వు చేసుకున్నవాడు బయలుదేరిన పావుగంటలో రాకపోతే ఆ సీటు మీద అతనికి హక్కు పోతుంది. శుక్రవారం సాయంత్రం, ఆదివారం సాయంత్రం మాత్రం మన పండగ రోజుల తుంగభద్రలా ఉంటుంది, ఆ రోజుల్లో ఐదారు యూరోలకు చూసుకోకండి.

ప్రశ్న: గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ ఫొటోలు చూసి మా పిల్లలు అదే కావాలంటున్నారు. ఏడేళ్ల బాబు, పదేళ్ల పాప. వాళ్లకు పాస్ కొనాలా?
– దేవరకొండ నుంచి ఒక తండ్రి

జవాబు: 4 నుంచి 11 ఏళ్ల పిల్లలకు పాస్ ఫ్రీ, ఒక పెద్దవారి పాస్ మీద ఇద్దరు పిల్లలదాకా. ఫ్రీ కదా అని ఊరుకోవద్దు, మీ పాస్ తీసేటప్పుడే పిల్లల పాస్ కూడా కలిపి తీయాలి. 12 నిండితే యూత్ పాస్ కొనాల్సిందే. రిజర్వేషన్ తప్పనిసరి అయిన రైళ్లలో పిల్లలకు కూడా సీటు చార్జీ కట్టాలి, చాలామంది ఈ లెక్క మర్చిపోతారు.

గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్‌కు, 291 వంతెనలు, 91 సొరంగాలు, దాదాపు ఎనిమిది గంటలు. పేరుకే ఎక్స్‌ప్రెస్, నడక మన పాత మీటర్‌గేజ్ రైలే, నిజంగా మీటర్‌గేజే. పాస్ చెల్లుతుంది, సీటు చార్జీ మాత్రం నలుగురికీ కలిపి చూస్తే కళ్లు తిరుగుతాయి. అదే పట్టాల మీద మామూలు ఎర్ర రైళ్లు రోజంతా తిరుగుతుంటాయి, రిజర్వేషన్ అక్కర్లేదు, దారిలో రెండు మూడుచోట్ల మారాలి. అవే కొండలు, అదే ఒబెరాల్ప్ కనుమ, 2,033 మీటర్ల ఎత్తు. పైగా వాటిలో కొన్నింటికి కిటికీ దించుకోవచ్చు, గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ గాజు పెట్టెలో అద్దంలోంచి ఫొటో తీస్తే మన మొహమే పడుతుంది. ఎనిమిది గంటలు ఏడేళ్ల బాబును ఒకేచోట కూర్చోబెట్టడం కూడా ఆలోచించండి. మారుతూ పోతే దిగి ఉరకడానికి వాడికి చోటు దొరుకుతుంది.

యుంగ్‌ఫ్రావ్‌యోక్ గురించి కూడా అడిగారు. 3,454 మీటర్ల మీదున్న ఆ స్టేషన్ దాకా పాస్ మీద ఫ్రీగా పోలేరు, రాయితీ మాత్రమే ఇస్తారు.

ప్రశ్న: వీసా రాకముందే పాస్, సీట్లు కొనాలా? ఏజెంట్ తొందర పెడుతున్నాడు.
– పాఠకుడు, నాగర్‌కర్నూల్

జవాబు: ఏజెంట్ తొందర ఏజెంట్‌ది. వీసాకు ఎక్కడెక్కడ తిరుగుతారో ప్లాన్, హోటళ్లు, 30,000 యూరోలకు తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్స్, ఇవి చూస్తారు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు, ఎండాకాలం అపాయింట్‌మెంట్లు దొరకవు కాబట్టి ముందే కదలండి.

పాస్ ఫోన్‌లోకే వస్తుంది, వీసా స్టాంపు పడ్డ సాయంత్రం కొన్నా ఏమీ కాదు. ముందే కొనాల్సి వస్తే యాక్టివేట్ చేయకుండా ఉంచండి, మామూలు పాస్ అయితే కొంత కోసుకుని మిగతాది వాపసు ఇస్తారు, ఆఫర్‌లో కొన్నవాటికి షరతులు వేరుగా ఉంటాయి, చదువుకుని కొనండి. సీటు రిజర్వేషన్లలో చాలావాటికి వాపసు రాదు, అవి వీసా వచ్చాకే.

ప్రశ్న: పారిస్‌లో స్టేషన్ మారేటప్పుడు ఎంత టైమ్ పెట్టుకోవాలి? అమ్మ పెట్టిన పచ్చళ్లు తీసుకుపోవచ్చా?
– మొదటి ప్రశ్న అడిగిన కొడుకు, రెండో ప్రశ్న రాయించిన తల్లి, హుజూర్‌నగర్

జవాబు: పారిస్‌లో పెద్ద స్టేషన్లే ఆరేడు. లండన్ రైలు ఒకచోట, స్విట్జర్లాండ్ రైలు ఒకచోట, స్టుట్‌గార్ట్ రైలు ఇంకోచోట. సికింద్రాబాద్‌లో దిగి కాచిగూడలో ఎక్కినట్టన్నమాట, సామాన్లతో మెట్రో మెట్లు ఎక్కి దిగుతూ. గంటన్నర తగ్గకుండా పెట్టుకోండి. అక్కడ ప్లాట్‌ఫారం నంబరు దాదాపు ఇరవై నిమిషాల ముందే పడుతుంది, అందాకా అందరూ బోర్డు కింద మెడలెత్తి నిలబడతారు, నంబరు పడగానే ఒకటే ఉరుకు. టీజీవీ తలుపులు బయలుదేరే టైమ్‌కు రెండు నిమిషాల ముందే మూసేస్తారు, పరుగెత్తి కడ్డీ పట్టుకునే ఆట అక్కడ కుదరదు. కూలీలు ఉండరు, సూట్‌కేస్ మనమే ఎత్తి పైన పెట్టుకోవాలి, కాబట్టి ఎత్తగలిగినంతే నింపండి.

అమ్మకు చెప్పండి, మామిడికాయ, గోంగూర, ఉసిరికాయ బాగానే పోతాయి, మూత గట్టిగా బిగించి చెక్-ఇన్ సామానులో పెట్టాలి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా వద్దు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు, కస్టమ్స్‌లో దొరికితే అక్కడే చెత్తబుట్టలో పడేస్తారు. మా ఆమె కిలో నెయ్యి అట్లాగే పోయింది, ఇప్పటికీ ఆ ముచ్చట వస్తే ఆ బుట్ట రంగు కూడా చెప్తుంది.